మాట మీద వచ్చినవాడు

“గా పెరోల్ అంటే ఏంది బిడ్డా?” అని పక్కింటి పెద్దమ్మ మంచంలో పడుకునే అడిగింది.

ఆమె కొడుకును జైలు నుంచి ఏడు రోజుల పాటు ఇంటికి పంపుతున్నారన్న కబురు అప్పుడే నా ఫోనుకు వచ్చింది. ఆమెకు రెండు కిడ్నీలూ పాడైపోయాయి. ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకుపొండి అని దవాఖానలో చెప్పేశారు. తల్లి ఆఖరి రోజుల్లో ఉంది, ఒక్కసారి చూసుకోనివ్వండి అని ఇంగ్లీషులో దరఖాస్తు రాసింది నేనే. పెరోల్ అనే మాట ఆ కాగితంలో నాలుగుసార్లు రాశాను. తీరా ఆమె అడిగితే, “సెలవు లాంటిదే పెద్దమ్మా” అన్నాను.

అన్నాను గానీ నాకే నచ్చలేదు. బాన్సువాడలో పిల్లలకు పాతికేళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నదాన్ని. అర్థం అడిగితే లాంటిది, వంటిది అని దాటేసే పంతుళ్లంటే నాకు ఒళ్లు మంట. ఇంటికి పోయి లావుపాటి నిఘంటువు తీశాను. ఏ మాట ఎక్కడ పుట్టి, ఎన్ని ఊళ్లు తిరిగి మన నోట్లోకి వచ్చిందో చూడడం నాకున్న ఒకే ఒక్క వ్యసనం. మా బస్సు డిపోలోని డిపో ఫ్రెంచిది, రేషన్ కూపన్‌లోని కూపన్ ఫ్రెంచిది అని క్లాసులో చెబితే పిల్లలు ఆవులిస్తారు. ఆవులిస్తే ఆవులించనీ, నేను చెప్పడం మానను.

పెరోల్ కూడా ఫ్రెంచి సరుకే అని తేలింది. ఆ భాషలో దానికి అర్థం ‘మాట’. ఏ మాటైనా సరే, నోటి నుంచి వచ్చే మాట. పూర్వం యుద్ధంలో పట్టుబడినవాడు ‘పారిపోను, మళ్లీ నీ మీద కత్తి ఎత్తను’ అంటే, ఆ మాట తీసుకొని వదిలేవారట. దాన్ని ఫ్రెంచివాళ్లు ‘పరువు మీద ఇచ్చిన మాట’ అన్నారు. ఇంగ్లీషువాళ్లు పరువును అక్కడే వదిలేసి మాటను మాత్రం ఎత్తుకొచ్చుకున్నారు. ఇంకా వెనక్కి పోతే లాటిన్, దానికి ముందు గ్రీకు. గ్రీకులో ఒకదాని పక్కన ఇంకొకటి పెట్టి పోల్చడం అని అర్థం. పోలిక కాస్తా కథ అయింది, కథ మాట అయింది, మాట జమానతు, పూచీకత్తు అయింది. పార్లమెంటు కూడా దీనికి దగ్గరి చుట్టమేనని చదివి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. అక్కడ మాటలకేం తక్కువ!

మరునాడు గురువారం, మధ్యాహ్నం బస్సుకు పెద్దమ్మ కొడుకు వచ్చాడు. నాకంటే పదేళ్లు చిన్న. చిన్నప్పుడు మా గోడ మీద కూర్చొని నాతో ఇంగ్లీషు పద్యాలు వల్లె వేసినవాడు. ఎనిమిదేళ్ల కింద నిజాంసాగర్ కాలువ నీళ్ల వంతు దగ్గర పాలివాళ్లతో కొట్లాట అయింది. నీ వంతు అయిపోయింది అంటే కాలేదని, మాటా మాటా పెరిగి, చేతిలో పార ఉండడంతో ఒక్క దెబ్బ వేశాడు. ఆ ఒక్క దెబ్బకే చిన్నాయన కొడుకు పోయాడు. పోలీసులు వచ్చేదాకా పొలం గట్టు మీదే కూర్చున్నాడని చూసినవాళ్లు చెప్పారు. అతను చేసింది చిన్న తప్పని నేను ఏనాడూ అనలేదు, ఇప్పుడూ అనను.

అతన్ని బయటికి పంపాలంటే ఇద్దరు పూచీగా సంతకం పెట్టాలి. ఒక సంతకం నాది. రెండోది గిర్ని చాచాది. మా వీధి మొదట్లో పిండి గిర్ని నడిపే ముసలాయన, పెద్దమ్మ పెనిమిటికి దోస్తు. బుధవారం సాయంత్రం ఐదింటిలోపల మనిషి జైలు గేటు దగ్గర ఉండాలి అని కాగితంలో ఉంది. మంచి నడవడి ఉన్నవాళ్లను ముందుగా వదిలే జాబితాలో ఈసారి అతని పేరు ఎక్కింది. ఆలస్యమైతే ఆ పేరు కొట్టేస్తారు, మళ్లీ ఎప్పుడు ఎక్కుతుందో చెప్పలేం అని అక్కడి ఆఫీసులో నా మొహం మీదే చెప్పారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. ఎందుకంటే మా ఊళ్లో టైము సంగతి నాకు తెలుసు. ‘ఐదు నిమిషాలల్ల వస్త’ అన్నవాడు అప్పటికి ఇంకా స్నానానికి కూడా లేచి ఉండడు.

ఆ సాయంత్రం పెద్దమ్మ మంచం చుట్టూ కూర్చొని ఉండగా నా నిఘంటువు కథంతా విప్పాను. చాచా తల ఊపాడు.

“మా ఉర్దూల జబాన్ ఇచ్చుడు అంటరు బేటీ. గా ఫ్రెంచోళ్లు మనసొంటోళ్లే ఉన్నరు.”

అతను తల్లి కాళ్లు ఒత్తుతూ, “అంటే నా మాటను జైల్ల కుదువబెట్టుకొని నన్ను బయటికి పంపిన్రు అన్నట్టు” అన్నాడు.

“అయితే పోయి విడిపించుకో బిడ్డా” అంది పెద్దమ్మ. గొంతు పీలగా ఉన్నా ఆ మాట గట్టిగానే వచ్చింది. అందరం నవ్వాం. ఆ ఇంట్లో నవ్వు విని ఎన్నేళ్లయిందో.

ఆమె సోమవారం తెల్లవారుతుండగా పోయింది. కొడుకు ఒళ్లో తల పెట్టుకొని పోయింది కాబట్టి దరఖాస్తు రాసిన నా చేతికి అంతమాత్రం పుణ్యం దక్కిందనుకున్నాను. అదే రోజు సాయంత్రం దహనం అయింది. అప్పుడు లెక్క చూసుకున్నాను. మూడోనాడు బుధవారం. మూడోనాడు పోయినవాళ్ల పేరు మీద పిట్టకు, అంటే కాకికి, పెట్టాలి. అదే బుధవారం ఐదింటికి అతను గేటు దగ్గర ఉండాలి. కనీసం పదకొండో రోజు దాకా పొడిగించండి అని ఇంకో దరఖాస్తు రాసి పంపాను. మంగళవారం రాత్రి దాకా జవాబు లేదు.

“ఫికర్ చెయ్యకు అక్కా” అన్నాడతను. “రెండుంపావు బస్సుకు ఎక్కుదాం. రుద్రూర్, బోధన్ మీదికెళ్లి పోయినా నాలుగున్నర వరకు గేటు కాడ ఉంటం. అప్పటిలోపల పిట్ట ముట్టిందా సరే. ముట్టకపోయినా నేను లేస్త.”

“ఒకటిన్నర బస్సుకు పోదాం” అన్నాను నేను.

“రెండుంపావు అక్కా. నేను చెప్తున్న గదా.”

సరే అన్నాను. నోటితోనే అన్నాను.

బుధవారం పొద్దున్నే కాలువ గట్టు కింద ఉన్న శ్మశానానికి పోయాం. బూడిద ఎత్తారు, ఎముకలు ఏరారు, నీళ్లు చల్లారు. పెద్దమ్మకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టారు. జొన్న రొట్టె, కోడి కూర, పచ్చి ఉల్లిగడ్డ, చిన్న గ్లాసులో కల్లు, పక్కన చిటికెడు తంబాకు. తర్వాత అందరూ వెనక్కి జరిగి కూర్చున్నారు. కాకి వచ్చి ముడితే పోయిన మనిషికి తృప్తి అయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. నేను ఇంగ్లీషు చదువుకున్నదాన్నే గానీ, మా అమ్మకు పెట్టినప్పుడు కాకి రాని ఆ అరగంట నేనెట్లా ఏడ్చానో నాకు తెలుసు. అందుకని ఇవన్నీ ఉత్తవి అని నా నోటితో రాదు.

పదకొండు దాటింది. కాకి జాడ లేదు. పన్నెండు దాటింది. రెండు మైనాలు వచ్చి చూసి పోయాయి. కాలువ అవతల పొలాల్లో వరి కోత మిషిన్ తిరుగుతోంది. ఆ చప్పుడు ఒక్క నిమిషం ఆగలేదు, చెవిలో జోరీగ లాగా. ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి విస్తరి దగ్గరికి పోయి చేతులు జోడించారు. నీ కొడుకు జల్ది ఇంటికొస్తడు, ముట్టు తల్లీ అని ఒకామె. నీ బర్రెను అమ్మం, మంచిగ చూసుకుంటం అని ఇంకొకామె. పాలివాళ్లలో ఒకాయన పాత పగ మేం మనసుల పెట్టుకోం అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు పెద్దమ్మ కొడుకు తల పైకెత్తలేదు. అప్పుడైనా వస్తుందేమో అనుకున్నాను. రాలేదు.

నేను గడియారం చూసుకోవడం, తలెత్తి అతన్ని చూడడం, మళ్లీ గడియారం. వెనక ఎవరో గుసగుసగా అంటున్నారు, “వీడు జైలుకు పోతడంటవా? బిచ్కుంద దాటితే మహారాష్ట్రనే గదా. మేనమామ బండేసుకొని రానే వచ్చిండు.” నేను వెనక్కి తిరిగి చూస్తే నోరు మూసుకున్నారు. కానీ మాట నా చెవిలో పడిపోయింది.

మేనమామ నిజంగానే దెగ్లూర్ వైపు నుంచి పొద్దున బండి మీద వచ్చాడు. పచ్చి మరాఠీ కలిపి మాట్లాడే పెద్దమనిషి. బండి గట్టు మీద నిలబెట్టి, దాని పక్కనే నిలబడి ఉన్నాడు. కింద కూర్చోవచ్చు కదా, ఎందుకు కూర్చోలేదు అని అప్పుడు నాకు అనుమానం. మోకాళ్ల నొప్పి అని తర్వాత తెలిసింది.

ఒకటీ ఇరవైకి అతను లేచాడు. విస్తరి వైపు ఒకసారి చూసి, గట్టెక్కి, మేనమామతో ఏదో అన్నాడు. మేనమామ బండి స్టార్ట్ చేశాడు. ఇద్దరూ ఎక్కి వెళ్లిపోయారు. ఒక్క మాట లేదు నాతో.

చాచా ఒక పక్కగా తూము మీద కూర్చొని ఉన్నాడు. దగ్గరికి పోయి, “ఎటు పోయిండు చాచా?” అన్నాను.

“వస్తడు బేటీ.”

“చెప్పి పోయిండా మీకు?”

“లేదు. వస్తడు.”

ఆ నిమ్మళం చూస్తే నాకు కోపం తన్నుకొచ్చింది. మీరు పెట్టిందీ సంతకమే, నేను పెట్టిందీ సంతకమే, మీకు గుండె లేదా అందామనుకున్నాను. అతని పేరు జాబితాలోంచి కొట్టేస్తున్న చెయ్యి నా కళ్ల ముందు కనబడుతోంది. ఎనిమిదేళ్ల మంచి నడవడి, ఒక్క పిచ్చి పనితో బూడిదలో. పదిహేను నిమిషాలు చూశాను. ఆ పదిహేను నిమిషాల్లో అతన్ని మనసులో ఎన్ని తిట్లు తిట్టానో రాస్తే నా పరువే పోతుంది. ఒకటీ ముప్పై ఐదుకు పక్కకు పోయి నా పాత విద్యార్థికి ఫోన్ చేశాను. అతనిప్పుడు పోలీసు స్టేషన్‌లో కానిస్టేబుల్.

“ఒకసారి ఇటు రా నాయనా. మనిషి కనబడ్తలేడు. గొడవ చెయ్యకు, కొంచెం చూడు అంతే.”

“ఫికర్ చెయ్యకున్రి మేడం. ఐదు నిమిషాలల్ల వస్త.”

ఫోన్ పెట్టేసరికి ఏదో తేడాగా అనిపించింది. ఏమిటో వెంటనే తట్టలేదు. తర్వాత అర్థమైంది, కోత మిషిన్ ఆగిపోయింది. పొద్దుటి నుంచి ఉన్న చప్పుడు లేదు. కాలువలో నీళ్ల చప్పుడు వినబడుతోంది. ఆడవాళ్లు మాట్లాడుకోవడం ఆపి తలలెత్తారు.

కాలువ అవతల పొలం మీంచి కాకులు లేచాయి. ఒకటీ రెండూ కాదు, గుంపు. అప్పటిదాకా మిషిన్ వెనకాల పురుగులూ గింజలూ ఏరుకుంటూ ఉన్నాయన్నమాట. అది ఆగేసరికి కాసేపు ఆకాశంలో తిరిగి, మూడు నాలుగు మా వైపు వచ్చి తుమ్మ కొమ్మ మీద వాలాయి. మేనమామను బండితో అవతలే ఆపి, పొలం ఒడ్డు మీంచి అతను నడిచి వస్తున్నాడు. పరుగెత్తితే అవి బెదురుతాయని మెల్లగా, అడుగులో అడుగు వేసుకుంటూ. మాకు దూరంగానే ఆగి, కదలకండి అన్నట్టు అరచెయ్యి చూపించాడు.

ఒక కాకి కిందికి దిగింది. విస్తరికి బారెడు దూరంలో నిలబడి మెడ ఇటూ అటూ తిప్పింది. ఒక గెంతు గెంతింది. ఇంకొకటి. అతను రెండు చేతులూ జోడించి పెదవులు కదుపుతున్నాడు. కాకి ముక్కు విస్తరి అంచు దాకా వచ్చింది.

బాన్సువాడలో ఐదు నిమిషాలని చెప్పి ఐదు నిమిషాల్లో వచ్చిన మనిషిని నా జన్మలో ఒక్కణ్నే చూశాను. గట్టు మీద పోలీసు బండి దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. తలుపు ధన్‌మని పడింది. కాకులన్నీ ఒక్కసారి లేచిపోయాయి.

“మేడం! ఉన్నడు గదా ఇక్కడ్నే!” అని మా పిల్లవాడు గట్టు మీంచి సంబరంగా కేకేశాడు. వాడి తప్పు ఏమీ లేదు. నా మీద గౌరవంతో అన్నం ముందు నుంచి లేచి వచ్చాడు.

అతను బండిని చూశాడు. కానిస్టేబుల్‌ను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. కోపంగా చూసి ఉంటే నేను తట్టుకునేదాన్ని, నాకు కోపం అలవాటే. అతను అట్లా చూడలేదు. పార దెబ్బ వేసిన రోజు ఊరంతా తన వైపు చూసినప్పుడు ఎట్లా తల దించుకున్నాడో, అట్లా దించుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

కాలువలో కాళ్లూ చేతులూ కడుక్కొని వచ్చి, “నడువు అక్కా” అన్నాడు.

“ఇంక టైమున్నది గదా, రెండుంపావు దాకా చూద్దాం” అంది ఒకామె.

“వద్దు చిన్నమ్మా. రెండింటి బస్సుకు పోతం.”

మా కానిస్టేబుల్ బస్టాండు దాకా దింపుతానన్నాడు. “ఆటోల పోతం సార్” అని చాలా మర్యాదగా చెప్పాడు. మిగతావాళ్లు స్నానాలకు లేచారు. చాచా మాత్రం తూము మీంచి కదల్లేదు. “నేను కూసుంట. మీరు పోన్రి” అన్నాడు. నావైపు చూడకుండానే అన్నాడు.

బస్సులో అతను కిటికీ పక్కన, నేను ఈ పక్కన. మధ్యలో అతని బట్టల సంచి. కోసిన పొలాలు, కొయ్యని పొలాలు, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, వాటిని తప్పించుకుంటూ మెల్లగా పోతున్న బస్సు. ఇంత మెల్లగా పోతే ఐదవుతుందేమో అని నాకు మళ్లీ భయం మొదలైంది. ఆ స్థితిలో కూడా గడియారం చూసుకున్నాను. నా బుద్ధికి నాకే అసహ్యం వేసింది.

రుద్రూర్ దాటాక అతనే మాట్లాడాడు.

“మిషిన్ ఆయన్ను అడగనీకి పోయిన అక్కా. జరసేపు బందు పెట్టన్నా, మా అమ్మకు పిట్టకు పెట్టినం అంటే పాపం ఎంబడే బందు పెట్టిండు. పిట్టలన్ని దాని ఎన్కనే ఉండె. పొద్దట్నుంచి మనకెవ్వరికి తట్టలే.”

“నాకు చెప్పి పోతే ఏం పోయేది?” అన్నాను. క్షమించమని అడగాల్సిన చోట నా నోటికి వచ్చింది అది.

“చెప్పేదుండె” అని ఒప్పుకున్నాడు. “పోలీసాయనకు ఫోన్ చేసేటప్పుడు ముందుగాల్ల నాకు చేస్తే ఎత్తుతుంటి. మామ ఫోన్ నంబరు నీ తాన ఉన్నది గదా” అన్నాడు.

ఉంది. పొద్దున నేనే రాసుకున్నాను, అవసరం పడుతుందని. దానికి చెయ్యాలన్న ఆలోచనే నాకు రాలేదు. అతను పారిపోయాడని నేను అప్పటికే తీర్పు చెప్పేసుకున్నాను. పారిపోయినవాడికి ఎవరైనా ఫోన్ చేస్తారా? అతను నాకు రెండుసార్లు చెప్పాడు రెండుంపావు అని. వచ్చిన మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే స్టేషన్‌కు పోయి సంతకం పెట్టి వచ్చాడు. తల్లి చనిపోయిన పొద్దున కూడా పెట్టి వచ్చాడు. ఇంకేం చేస్తే నేను నమ్మేదాన్నో నాకే తెలియదు. ఒక మాటకు వంద పుస్తకాల్లో అర్థం వెతికే మనిషిని, నా పక్కన కూర్చున్నవాడి మాట వినలేకపోయాను.

“తప్పయింది తమ్మీ” అన్నాను చివరికి. బోధన్ బస్టాండులో జనం ఎక్కుతున్న గొడవలో అన్నాను. విన్నాడో లేదో. తల ఊపినట్టే ఉంది.

జైలు గేటు దగ్గర దిగేసరికి నాలుగూ ఇరవై. బెంచీ మీద కూర్చున్న ముసలి జవాను కాగితం చూసి, గోడ గడియారం చూసి, అతని గుండు చూశాడు.

“పాపం తల్లి పోయిందా? మూడోనాడేనా ఇయ్యాల? ఇంక నలభై నిమిషాలున్నది గదరా. గింత జల్ది ఎందుకొచ్చినవ్?”

అతను నావైపు తిరగలేదు.

“అక్కకు భయమైంది సార్” అన్నాడు.

అందులో ఎత్తిపొడుపు లేదు. ఎండగా ఉంది సార్ అన్నట్టే అన్నాడు. చెప్పులు విడిచి, సంచి ఇచ్చి, వేలు ముద్ర వేశాడు. పెద్ద తలుపులో ఉన్న చిన్న తలుపు తీశారు. వంగి లోపలికి పోతూ, “జాగర్తగ పో అక్కా, ఐదున్నరకు బస్సుంటది” అన్నాడు. తలుపు మూసుకుంది.

నేను ఎదురుగా ఉన్న టీ కొట్టు దాకా కూడా పోలేకపోయాను. గోడకు ఆనుకొని నిలబడి ఏడ్చాను. నలుగురూ చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను. అప్పుడు ఫోన్ మోగింది. చాచా.

“ముట్టింది బేటీ.”

“ఏంది చాచా?”

“పిట్ట ముట్టింది. గిప్పుడే. రెండొచ్చినయ్. కోడి కూర ముట్టినయ్, రొట్టె ఎత్తుకపోయినయ్. మిషినాయన గింతసేపు నా కోసమని బందే పెట్టిండు, మంచోడు. పిలగానికి చెప్పు.”

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, “నిజంగనా?”

అటువైపు ఏ చప్పుడూ లేదు. కాలువ నీళ్ల చప్పుడు కూడా వినబడలేదు. ఆయన ఇంకా గట్టు మీదే ఉన్నాడో, గిర్నికి పోయి కూర్చొని చెబుతున్నాడో నాకు తెలియలేదు. అప్పుడు కూడా నా చెవి అదే వెతికింది.

“నేను చెప్తున్న గదమ్మా” అన్నాడు చాచా. బేటీ అనలేదు. ఫోన్ పెట్టేశాడు.

కళ్లు తుడుచుకొని గేటు దగ్గరికి పోయాను. లోపల అతనికి ఒక మాట చెప్పాలి అన్నాను. ములాఖాత్ రోజు రాండ్రి మేడం అన్నాడు జవాను. ఒక్క మాటే, మీరే చెప్పండి, వాళ్లమ్మకు పెట్టింది పిట్ట ముట్టిందని చెప్పండి చాలు అని బతిమాలాను. ఆయన లేచి నిలబడి, నన్ను పట్టి చూశాడు.

“తల్లి సంగతి మేడం. అబద్ధం చెప్పొద్దు. మీరు చూసిన్రా కండ్లతోని?”

“చూడలేదు” అన్నాను. “అక్కడున్నాయన చెప్పిండు.”

“నమ్మొచ్చా ఆయన్ను?”

“నమ్మొచ్చు.”

జవాను చిన్న తలుపు తట్టి లోపలికి వంగాడు. ఏం చెప్పాడో నాకు వినబడలేదు. కాసేపటికి వెనక్కి తిరిగి, “చెప్పిన. తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకొని కూసున్నడు” అన్నాడు.

చాచా గిర్ని ముందు నుంచే నేను రోజూ కాలేజీకి పోతాను. ఆయన చెయ్యి ఊపుతాడు, నేనూ ఊపుతాను. అప్పుడప్పుడు గోధుమలు పట్టించడానికి పోయి ఆయన ఎదురుగా స్టూలు మీద కూర్చుంటాను, ఊళ్లో సంగతులన్నీ మాట్లాడుకుంటాం. ఆ ఒక్కటి మాత్రం నేను మళ్లీ అడగలేదు.